పదమూడేళ్ల మీద ఒక్క రోజు

ఒక యూదు కుర్రవాడికి హీబ్రూ పంచాంగం ప్రకారం శుక్రవారం సాయంత్రం సూర్యుడు అస్తమించగానే పదమూడేళ్లు నిండాయనుకుందాం. ఆ వేళకు అతడు ఒళ్లు తెలియని జ్వరంతో పడుకుని ఉండవచ్చు, ఇంట్లో ఎవరికీ ఆ తేదీ గుర్తు లేకపోవచ్చు, యూదుల ప్రార్థనా మందిరమైన సినగోగ్‌కు కబురే వెళ్లకపోవచ్చు. అయినా ఆ సంధ్యవేళకే అతడు బార్ మిత్స్వా అయిపోయాడు. మర్నాడు కళ్లు తెరిచేసరికి యూదు ధర్మశాస్త్రం అతణ్ణి తన మాటకూ తన చేతకూ తానే బాధ్యుడైన మనిషిగా లెక్కిస్తుంది. మంత్రం చదవకపోయినా, విందు పెట్టకపోయినా, పట్టుమని పదిమంది చూడకపోయినా ఆ లెక్క మారదు.

ఈ సంగతి తెలియకపోవడం వల్లనే బార్ మిత్స్వా గురించి చాలా అపోహలు పుట్టాయి. మనం దాన్ని సినిమాల్లో చూసిన పెద్ద వేడుకగా ఎరుగుదుము కాబట్టి, ‘ఫలానావారి అబ్బాయికి బార్ మిత్స్వా చేశారు’ అంటాము. నిజానికి ఆ మాట ముందుగా ఒక మనిషికి పేరు, తరువాతే వేడుకకు పేరు. ‘బార్’ అంటే అరమాయిక్ భాషలో కొడుకు. అయితే ఆ భాష వాడుకలో ఈ మాట తండ్రీకొడుకుల బంధానికే పరిమితం కాదు, ఒక విషయానికి చెందినవాడు, దానికి లోబడినవాడు అనే అర్థంలో కూడా వస్తుంది. ‘మిత్స్వా’ అంటే హీబ్రూలో ఆజ్ఞ. రెండూ కలిస్తే ఆజ్ఞకు బద్ధుడైనవాడు అని అర్థం. ఆడపిల్లకు ‘బాత్ మిత్స్వా’ అన్నది సరిజోడు మాట. తెలుగువారికి ఇక్కడ ఉపనయనం గుర్తుకు రావడం సహజమే గానీ, ఆ పోలిక కొంతదూరమే నిలుస్తుంది. ఉపనయనంలో సంస్కారం జరిగితేనే వటువుకు అధికారం సంక్రమిస్తుంది. ఇక్కడ అధికారమూ బాధ్యతా కాలం చేతుల మీదుగానే వచ్చేస్తాయి, వేడుక వాటిని నలుగురికీ చాటుతుంది.

పదమూడు అనే అంకె ఎక్కడిదంటే, తోరాలో అంటే మోషే పంచకాండాల్లో అది ఆజ్ఞలకు బద్ధుడయ్యే వయసుగా ఎక్కడా కనిపించదు. క్రీ.శ. 200 ప్రాంతంలో గ్రంథస్థమైన యూదు ధర్మనియమాల సంకలనం మిష్నాలో కనిపిస్తుంది. అందులోని ఒక ప్రసిద్ధ వాక్యం మనిషి ఆయుష్షును మెట్లు మెట్లుగా చెబుతూ, అయిదేళ్లకు లేఖనం, పదేళ్లకు మిష్నా, పదమూడేళ్లకు ఆజ్ఞలు, పదిహేనేళ్లకు తల్మూద్, పద్దెనిమిదేళ్లకు పెళ్లిపందిరి అని లెక్క కడుతుంది. అదే మిష్నాలో మొక్కుబడుల గురించిన మరొక చోట ఇంకా ఖచ్చితమైన మాట ఉంది. పన్నెండేళ్ల మీద ఒక్క రోజు వచ్చిన బాలిక మొక్కుకున్న మొక్కు చెల్లుతుంది, బాలుడికైతే పదమూడేళ్ల మీద ఒక్క రోజు రావాలి. ఆ ఒక్క రోజు అంటే ఏళ్లు నిండాక సూర్యాస్తమయంతో మొదలయ్యే పుట్టినరోజే. నోటితో అన్న మాటకు కట్టుబడి ఉండాలంటే ఆ మాట బరువు తెలియాలి, అది తెలిసే వయసును శాస్త్రకారులు అలా గీత గీసి చెప్పారు. ఆడపిల్లకు ఏడాది ముందే ఎందుకంటే, స్త్రీకి వివేకం అధికంగా ఇవ్వబడిందని మిష్నా మీది చర్చల గ్రంథమైన తల్మూద్ సమాధానం చెబుతుంది. శరీరంలో యౌవన లక్షణాలు కనిపించాయా లేదా అన్న చర్చ కూడా ఈ గ్రంథాల్లో ఉంది గానీ, వాడుకలో వయసు నిండితే ఆ లక్షణాలు వచ్చినట్టే భావిస్తారు. మన ఇళ్లలో ఆడపిల్ల ఈడేరడం శరీరం చెప్పే కబురు. ఇక్కడ ఆ కబురు చెప్పేది పంచాంగం.

ఆ పంచాంగం పెట్టే చిక్కు ఒకటి చెప్పుకోవాలి. అధిక మాసం ఎరిగిన తెలుగువారికి అది ఇట్టే అర్థమవుతుంది. హీబ్రూ పంచాంగం కూడా చాంద్రమాసాలతో నడుస్తూ సౌరవత్సరానికి సరిపడేందుకు 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెలను అదనంగా కలుపుకుంటుంది. ఆ ఏడు అదార్ అనే నెల రెండుసార్లు వస్తుంది. అలాంటి ఏట కవల పిల్లలు పుట్టారనుకుందాం. పెద్దవాడు మొదటి అదార్ 29న సూర్యాస్తమయానికి ముందు పుట్టాడు. చిన్నవాడు మర్నాడు, ముప్పయ్యో తేదీతో మొదటి అదార్ ముగిసి, పొద్దుగూకాక రెండో అదార్ 1న పుట్టాడు. పదమూడేళ్ల తరువాత వచ్చే ఏడాదిలో అధిక మాసం లేకపోతే, అదార్ ఒక్కటే ఉంటుంది. చిన్నవాడు అదార్ 1న, పెద్దవాడు అదార్ 29న బార్ మిత్స్వా అవుతారు. తమ్ముడు అన్న కంటే నాలుగు వారాలు ముందుగా పెద్దవాడవుతాడు. లోకరీతికి ఇది వింతగా తోచినా, శాస్త్రం పట్టించుకునేది తేదీనే.

ఆ తేదీ తరువాత మారేది ఏమిటి? ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాటి ఉపవాసం అంతవరకు పిల్లలకు అలవాటు చేసేదే, ఇకమీదట విధి. మొక్కు మొక్కితే చెల్లించాలి. అన్నిటికన్నా ఎక్కువగా కంటికి కనిపించే మార్పు మిన్యాన్‌లో జరుగుతుంది. యూదుల సామూహిక ప్రార్థనలోని కొన్ని భాగాలు చదవాలంటే కనీసం పదిమంది పెద్దలు ఉండి తీరాలి, ఆ పదిమంది కూటమే మిన్యాన్. మృతుల కోసం చదివే కద్దీష్ కూడా అలాంటిదే. సంప్రదాయవాద సమాజాల్లో ఆ పదిమందీ పురుషులే. తొమ్మిది మంది పండితులు కూర్చుని ఉన్నా ప్రార్థన ఆగుతుంది, పదమూడేళ్ల మీద ఒక్క రోజు నిండిన కుర్రవాడు గుమ్మంలో అడుగుపెడితే మొదలవుతుంది. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న ఒక మనిషి కద్దీష్ చదవగలగడం, చదవలేకపోవడం ఆ ఏడో తరగతి పిల్లవాడి మీద ఆధారపడుతుంది. బార్ మిత్స్వా సారమంతా నాకు ఈ దృశ్యంలో కనిపిస్తుంది. ఎదిగాడంటే లెక్కలోకి వచ్చాడని అర్థం.

తండ్రి వైపు నుంచి కూడా ఒక మార్పు ఉంది. ఆదికాండానికి ప్రాచీన వ్యాఖ్యానమైన బెరేషిత్ రబ్బాలో, కొడుక్కి పదమూడేళ్లు వచ్చేవరకు తండ్రి వాడి బాగోగులు చూడాలని, ఆ తరువాత ‘వీడి శిక్ష నుంచి నన్ను విడిపించినవాడికి స్తుతి’ అని పలకాలని ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, చెప్పినట్టు ఉంది. నేటికీ చాలా సమాజాల్లో కొడుకు తోరా ముందు నిలబడిన రోజున తండ్రి ఈ మాట అంటాడు. పైకి చూస్తే పీడ వదిలిందన్నట్టు వినిపించే ఈ వాక్యం మీద వ్యాఖ్యాతలు రెండు పాయలుగా చీలారు. కొడుకు చేసిన తప్పులకు సరిగ్గా పెంచనందుకు ఇంతవరకు తండ్రి శిక్ష పొందేవాడు, ఇక ఆ భారం తీరిందని కొందరు అన్నారు. తండ్రి పాపాలకు పసివాడు బాధపడే కాలం ముగిసిందని, తండ్రి కృతజ్ఞత చెప్పేది అందుకేనని మరికొందరు తిరగేసి చెప్పారు. కన్నవారికి ఈ రెండో అర్థమే గుండెకు తగులుతుందని నా నమ్మకం.

ఇంత పాతకాలపు నియమం ఉన్నప్పటికీ వేడుక మాత్రం అంత పాతది కాదు. లూకా సువార్తలో పన్నెండేళ్ల యేసు పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న ఘట్టాన్ని ఆయన బార్ మిత్స్వాగా చెప్పేవారున్నారు. ఆ కాలంలో అలాంటి సంస్కారం ఉన్నట్టు ఆధారం లేదు, వయసు కూడా పదమూడు కాదు. మిష్నా కాలంలో చిన్నపిల్లలు కూడా సభలో తోరా చదవవచ్చు. యెమెన్ యూదుల్లో ఆ పాత పద్ధతి నిలిచిపోయింది. అక్కడ పసివాళ్లే తోరా చదివి, అరమాయిక్ అనువాదాన్ని వల్లించేవారు. అందువల్ల పదమూడో ఏట తోరా చదవడం అక్కడ ఒక విశేషంగా కనిపించలేదు. వేడుక పుట్టింది మధ్యయుగపు జర్మనీ, ఫ్రాన్స్ ప్రాంతాల్లో. అక్కడి యూదు సమాజాలు తోరా పఠనానికి పిలవడాన్ని, తెఫిలీన్ అనే ప్రార్థన పెట్టెలు ధరించడాన్ని క్రమంగా పెద్దలకే పరిమితం చేశాయి. అంతవరకు అందరికీ తెరిచి ఉన్న తలుపును పిల్లలకు మూశాక, దాన్ని దాటి మొదటిసారి లోపలికి రావడం ఒక ఘట్టమైంది. 16వ శతాబ్దానికి పోలెండ్ రబ్బీ సొలొమన్ లూరియా బార్ మిత్స్వా విందును గురించి, దాన్ని ధార్మిక విందుగా ఎంచవచ్చా అని చర్చించాడంటే అప్పటికి అది బాగా వేళ్లూనుకున్నదన్నమాట.

ఆ తలుపు దాటడం ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. శనివారం ఉదయం, అంటే షబ్బాత్ ప్రార్థనలో, గోడకు ఉన్న పవిత్రమైన అర తెరిచి తోరా చుట్టను బయటికి తీస్తారు. వేదిక మీది వాలు బల్లపై పరిచిన ఆ తోలు పత్రం మీద సిరాతో చేతిరాత అక్షరాలు తప్ప మరేమీ ఉండదు. హీబ్రూలో హల్లులే అక్షరాలు, అచ్చులను చుక్కలుగా గుర్తిస్తారు. చుట్టలో ఆ చుక్కలు లేవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలిపే గుర్తులు లేవు, ఏ పదాన్ని ఏ రాగంలో పలకాలో చెప్పే స్వర చిహ్నాలు లేవు. వేదపాఠంలో స్వరం తప్పితే ఎలా ఒప్పుకోరో ఇక్కడా అంతే, చదవడమంటే నిర్ణీతమైన స్వరాల్లో పలకడమే. కుర్రవాడు నెలల తరబడి సాధన చేసేది తిక్కూన్ అనే అచ్చు పుస్తకంతో. అందులో ఒక వరుసలో చుక్కలు, స్వర చిహ్నాలు అన్నీ ఉంటాయి, పక్క వరుసలో అదే పాఠం చుట్టలో ఉన్నట్టు బోడిగా ఉంటుంది. మొదటి వరుస చూసి నేర్చుకుని, రెండో వరుస మీదికి కళ్లు తిప్పి అప్పజెప్పుకుంటాడు.

అసలు రోజున అతడి పేరును తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. పిలుపు అందుకుని వేదిక ఎక్కి, భుజాల మీది తల్లీత్ శాలువా కుచ్చుల కొనను చుట్టకు తాకించి ముద్దు పెట్టుకుని, స్తుతివాక్యం పలుకుతాడు. తోలు పత్రాన్ని ఒట్టి చేతితో ముట్టకూడదు. అందుకని చివర చూపుడువేలు చాచిన బుల్లి చెయ్యి ఉన్న వెండి పుల్లతో పదం పదం మీద జరుపుకుంటూ చదువుతాడు. అర్థం మారేలా పొరపాటు పలికితే పక్కన నిలబడ్డ పెద్ద వెంటనే సవరిస్తాడు, కుర్రవాడు వెనక్కి వెళ్లి ఆ పదాన్ని మళ్లీ పలుకుతాడు. సవరించడంలో అవమానమేమీ లేదు, అరవయ్యేళ్ల పండితుణ్ణీ అలాగే సవరిస్తారు. ఆ తరువాత చాలాచోట్ల ప్రవక్తల గ్రంథాల నుంచి హఫ్తారా అనే భాగం కూడా అతడే చదువుతాడు. ముగియగానే నలువైపుల నుంచి మిఠాయి బిళ్లలు వచ్చి మీద పడతాయి. చిన్నపిల్లలు బెంచీల కింద దూరి వాటిని ఏరుకుంటారు.

ఏ భాగం చదవాలో అతడి చేతిలో లేదు. పంచకాండాలను 54 భాగాలుగా విభజించి ఏడాది పొడవునా వారం వారం వరుసగా చదువుతారు కాబట్టి, పుట్టినరోజు ఏ వారంలో పడితే ఆ భాగమే. ఒకడికి ఎర్రసముద్రం చీలిన ఘట్టం దక్కుతుంది, మరొకడికి లేవీయకాండంలో చర్మం మీది మచ్చలను యాజకుడు పరీక్షించే అధ్యాయం దక్కుతుంది. ఆ భాగం మీదనే ద్రాషా అనే చిన్న ప్రసంగం చేయాలి. మచ్చల అధ్యాయం వచ్చిన పిల్లవాడు, ఊరి వెలుపలికి పంపివేయబడిన రోగి ఒంటరితనం గురించి ఆలోచించక తప్పదు. సులువైన భాగం వచ్చినవాడి కంటే అతడి ప్రసంగమే తరచుగా వినదగినదిగా ఉంటుంది.

తెఫిలీన్ సంగతి వేరు. నల్ల తోలుతో చేసిన రెండు చిన్న పెట్టెల్లో నిర్గమకాండం నుంచి రెండు, ద్వితీయోపదేశకాండం నుంచి రెండు భాగాలు రాసిన తోలు పత్రాలు ఉంటాయి. ద్వితీయోపదేశకాండం నుంచి తీసుకున్న వాటిలో ‘ఇశ్రాయేలూ వినుము’ అని మొదలయ్యేది ఒకటి. ఒక పెట్టెను గుండెకు ఎదురుగా వచ్చేలా చేతికి, ఇంకొకదాన్ని నుదుటిపైన తోలు పట్టీలతో కట్టుకుని రోజూ ఉదయం ప్రార్థన చేస్తారు. షబ్బాత్ నాడు వీటిని ధరించరు కాబట్టి, తెఫిలీన్ వేడుకకు ప్రాధాన్యం ఇచ్చే ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్య మూలాల యూదులు వారం రోజుల్లో తోరా చదివే సోమవారాన్నో గురువారాన్నో ఎంచుకుంటారు. యెరూషలేములోని పశ్చిమ గోడ దగ్గర ఆ రెండు రోజుల ఉదయాలూ డప్పులతో, పాటలతో, ఇలాంటి కుటుంబాలతో నిండిపోతాయి.

విందుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వాటిలో ఆడంబరం పెరిగిందన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. ఖర్చు మితిమీరకుండా కట్టడి చేసే నియమాలను యూరప్ యూదు సమాజాలు కొన్ని శతాబ్దాల క్రితమే పెట్టుకున్నాయి. అమెరికాలో 20వ శతాబ్దంలో విందు మరింత పెద్దదైంది గానీ, అదే దేశంలో సినగోగ్‌లు కొన్నేళ్లు హీబ్రూ బడిలో చదివితేనే తమ వేదిక మీద బార్ మిత్స్వాకు చోటిస్తామని నియమం పెట్టి, వేడుక మీది మోజును చదువు వైపు మళ్లించాయి. కానుకగా ఇచ్చే సొమ్ము 18 గుణిజాల్లో ఉండటం ఒక ముచ్చటైన వాడుక. హీబ్రూలో ‘జీవం’ అనే పదంలోని అక్షరాల విలువ కూడితే 18 వస్తుంది.

ఆడపిల్లల మాటకు వస్తే, విషయం ఇక్కడ నిజంగా బరువెక్కుతుంది. పన్నెండేళ్లకు ఆజ్ఞలకు బద్ధురాలు కావడం దాదాపు రెండు వేల ఏళ్ల నాటి నియమమే. కానీ ఆమెను పిలిచే పిలుపు లేదు, నిలబడే వేదిక లేదు, మిన్యాన్ లెక్కలో చోటు లేదు. కాలం ఆమెకు బాధ్యత ఇచ్చింది, సమాజం దాన్ని చాటలేదు. 19వ శతాబ్దంలో బాగ్దాద్ రబ్బీ యోసెఫ్ హయ్యిమ్ పన్నెండేళ్లు నిండిన రోజున ఆడపిల్ల కొత్త బట్ట కట్టుకుని, ఈ రోజును చూడనిచ్చినందుకు స్తుతివాక్యం పలకాలని రాశాడు. అది ఇంటి గడప దాటని సంతోషం. అదే శతాబ్దం తొలి దశకాల్లో జర్మనీలో మొదలైన సంస్కరణవాదులు బార్ మిత్స్వా బదులు కన్ఫర్మేషన్ అనే సామూహిక వేడుకను తెచ్చి, అందులో ఆడపిల్లలకూ చోటిచ్చారు.

1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ మొర్దెకాయ్ కప్లాన్ తన పెద్ద కూతురు జూడిత్‌ను సభ ముందుకు పిలిచాడు. ఆయనకు నలుగురూ ఆడపిల్లలే. జూడిత్ వయసు అప్పుడు పన్నెండున్నర. ఆమె తరువాతి రోజుల్లో చెప్పుకున్న జ్ఞాపకాల ప్రకారం, ఏమి చదవాలో తండ్రి ముందురోజు రాత్రి గానీ తేల్చలేదు. నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరికీ ఇది నచ్చలేదు. నీ కొడుక్కి నువ్వు చెప్పమని ఒకరు, కొడుకు తల్లి మాట వింటాడా, నీ కూతురితోనే చెప్పించమని మరొకరు అనుకున్నారు. ఉదయం ఆమె వేదికకు కాస్త దూరంలో నిలబడి, తోరా చుట్టలో నుంచి కాదు, తన చేతిలోని అచ్చు పుస్తకంలో నుంచి చదివింది. అమెరికాలో తొలి బాత్ మిత్స్వాగా చెప్పుకునేది దీన్నే. ఆ దూరాన్ని, ఆ అచ్చు పుస్తకాన్ని మరచిపోకూడదని నేను అనుకుంటాను, ఎందుకంటే తలుపు ఆనాడు ఓరగానే తెరుచుకుంది. అది పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకా అర్ధశతాబ్దం పట్టింది. మధ్యేమార్గమైన కన్జర్వేటివ్ శాఖ స్త్రీలను మిన్యాన్‌లో లెక్కించవచ్చని తీర్మానించింది 1973లో. సంగీత శాస్త్రవేత్తగా ఎదిగిన జూడిత్ 1992లో, 82 ఏళ్ల వయసులో రెండోసారి బాత్ మిత్స్వా జరుపుకుంది.

సంప్రదాయవాద శాఖలో చర్చ నేటికీ సాగుతోంది. న్యూయార్క్ రబ్బీ మోషె ఫైన్‌స్టైన్ బాత్ మిత్స్వా విందుకు ధార్మిక విలువ లేదన్నాడు. ఇజ్రాయెల్‌లో సెఫార్దీల, అంటే స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్య మూలాల యూదుల, ప్రధాన రబ్బీగా పనిచేసిన ఒవాదియా యోసెఫ్ అది ధార్మిక విందేనన్నాడు. ఆజ్ఞకు బద్ధుడైనందుకు అబ్బాయి సంతోషించవచ్చునంటే, అదే ఆజ్ఞకు బద్ధురాలైన అమ్మాయి ఎందుకు సంతోషించకూడదన్న తర్కానికి జవాబు లేదు. ఈ శాఖలోని అనేక కుటుంబాల్లో ఈనాడు అమ్మాయిలు తోరా చదవకపోయినా తమ పన్నెండో పుట్టినరోజున ద్రాషా ఇస్తున్నారు.

ఎవరు లెక్కలోకి వస్తారన్న ప్రశ్న ఒక్కొక్కప్పుడు మొత్తం సమాజానికే ఎదురవుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని తెలుగు కుటుంబాలు సినగోగ్ కట్టుకుని షబ్బాత్ పాటిస్తూ, పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పుతున్నాయి. ప్రపంచ యూదు సమాజం తమను తమవారిగా గుర్తించాలన్నది వారి ఆకాంక్ష. మిన్యాన్ గుమ్మంలో నిలబడ్డ కుర్రవాడి ఆరాటానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

వయసులో అవకాశం తప్పిపోయినవారు కూడా ఉన్నారు. సోవియట్ పాలనలో పిల్లలకు మతవిద్య నేర్పడం నేరం కావడంతో అక్కడ చాలామందికి ఆ వయసు చప్పుడు లేకుండా గడిచిపోయింది. శాస్త్రం ప్రకారం వారికి లోటేమీ లేదు, అయినా చాలామంది నడివయసులో అక్షరాలు దిద్దుకుని తోరా ముందుకు వచ్చారు. కీర్తనల గ్రంథం మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్లని చెబుతుంది కాబట్టి, దాని మీద మళ్లీ పదమూడు కలిపి 83వ ఏట రెండో బార్ మిత్స్వా జరుపుకునే వాడుక కూడా వచ్చింది.

వేడుక అవసరం లేదని శాస్త్రం చెప్పినా మనుషులు దాన్ని ఎందుకు వదులుకోలేదో 1944 మార్చిలో బెర్గెన్-బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరంలో జరిగిన సంగతి చెబుతుంది. యోఆఖిమ్ జోసెఫ్ అనే కుర్రవాడికి అక్కడే పదమూడేళ్లు నిండుతున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన రబ్బీ సిమోన్ దాస్‌బెర్గ్ అరచేతిలో ఇమిడేంత చిన్న తోరా చుట్టను దాచుకుని శిబిరానికి తెచ్చుకున్నాడు. పగలంతా వెట్టిచాకిరీ చేసి, రాత్రులు రహస్యంగా ఆ కుర్రవాడికి పాఠం చెప్పాడు. తెల్లవారకముందే, కావలివాళ్ల కంటపడకుండా బరాకులో కొవ్వొత్తులు వెలిగించి, అతడిచేత ఆ చుట్టలో నుంచి చదివించారు. దొరికితే ప్రాణాలు పోతాయని అక్కడున్న వారందరికీ తెలుసు. తరువాత రబ్బీ ఆ చుట్టను అతడి చేతిలో పెట్టి, నేను ఇక్కడి నుంచి బతికి బయటపడను, నువ్వు బతికితే ఈ కథ చెబుతానని మాట ఇవ్వమన్నాడు. యుద్ధం ముగియకముందే ఆయన ఆ శిబిరంలోనే చనిపోయాడు.

జోసెఫ్ బతికాడు, ఇజ్రాయెల్‌లో వాతావరణ శాస్త్రవేత్త అయ్యాడు. కొలంబియా అంతరిక్ష నౌకలో చేయవలసిన ఒక ప్రయోగం కోసం వ్యోమగామి ఇలాన్ రామోన్‌తో కలిసి పనిచేస్తున్నప్పుడు, ఇంట్లో ఉన్న ఆ చిన్న చుట్ట రామోన్ కంటపడింది. రామోన్ తల్లి ఆష్విట్జ్ నాజీ శిబిరం నుంచి బతికి వచ్చిన మనిషి. కథ విన్నాక ఆయన దాన్ని తనతో తీసుకువెళతానని అడిగాడు. 2003 జనవరిలో అంతరిక్షం నుంచి మాట్లాడుతూ ఆ చుట్టను ఎత్తి చూపించి, ఒక పిల్లవాడు రబ్బీకి ఇచ్చిన మాటను లోకమంతటికీ వినిపించాడు. ఫిబ్రవరి 1న, నేలకు దిగడానికి 16 నిమిషాల ముందు కొలంబియా ముక్కలైపోయింది. మన కల్పనా చావ్లా, రామోన్, మిగిలిన అయిదుగురు సహచరులతో పాటు ఆ చుట్ట కూడా కాలిపోయింది.